చచ్చిన తాబేళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

విశాఖ తీరాన్ని చూసే అధికారులకు, ప్రజాప్రతినిధులకు, మా హార్బరు బోటు యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీకు పనులు ఎక్కువని తెలుసు కాబట్టి నేరుగా సంగతికొస్తాను.

నేను పెద్ద జాలరిపేటలో పుట్టాను. మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. నన్ను మాత్రం ఆ పనిలోకి రానివ్వకుండా చదివించాడు. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరయ్యాను. అందుకేనేమో, ఏది చూసినా తేదీ వేసి రాసుకోవడం అలవాటైపోయింది. పొద్దున్నే బీచ్‌లో నడుస్తూ చచ్చిన తాబేలు కనబడితే పాత డైరీలో రాసుకుంటాను.

గత ఫిబ్రవరిలో ఒక పొద్దున లాసన్స్ బే దాటి నడుస్తున్నాను. ముందు కాకుల గోల వినిపించింది, తర్వాత వాసన. పెద్ద తాబేలు, వెల్లకిలా పడి ఉంది. డిప్ప పొడవు జానతో కొలిచాను, మూడు జానలు. కళ్ళు ఉబ్బిపోయాయి. ముందు రెక్క మొదట్లో నైలాన్ తాడు కోసిన గాటు, చుట్టూ చర్మం తెల్లగా ఊడి ఉంది. కుక్కలు అప్పటికే పొట్ట చీల్చేశాయి. అందులోంచి గుడ్లు జారి ఇసుకలో పడ్డాయి. తెల్లగా, గుండ్రంగా, అచ్చం టేబుల్ టెన్నిస్ బంతుల్లాగే ఉన్నాయి. ఒడ్డుకు ఇంకో యాభై గజాలు ఈదగలిగి ఉంటే ఆ తల్లి వాటిని తనే గొయ్యి తవ్వి పెట్టేది.

ఆ ఫొటోలు తీసుకుని ఒక ఆఫీసుకెళ్ళాను. అక్కడివాళ్ళు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. ఆ ఆఫీసులో మూడో ఆఫీసు పేరు చెప్పారు. మొత్తం మీద నాకర్థమైంది ఇదీ: తాబేలు నీళ్ళలో ఉంటే ఒకరిది, ఇసుకెక్కితే ఇంకొకరిది, కుళ్ళితే శానిటేషన్ వాళ్ళది. వలలో పడి చచ్చినది మాత్రం ఎవరిదీ కాదు. ఆఖరికి ఒక సోమవారం క్యూలో నిలబడి అర్జీ ఇచ్చాను. అందులో నేను అడిగింది ఒక్కటే: "ఇవి ఎందుకు చస్తున్నాయో, ఎన్ని చస్తున్నాయో చెప్పండి." నెలరోజుల తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. వివరం కోసం వెళ్తే కాగితం చూపించారు: "సదరు కళేబరమును తొలగించి పూడ్చివేయడమైనది."

ఈ లేఖ అందరూ చదివేలా రాయడానికి ఆ ఒక్క వాక్యమే కారణం. పూడ్చిన మనుషుల మీద నాకు కోపం లేదు. ఆ కంపులో గొయ్యి తవ్వింది పారిశుధ్య కార్మికులు, వాళ్ళకు గ్లౌజులు కూడా లేవు. కానీ పూడ్చడం జవాబు కాదు కదా.

ఎందుకు చస్తున్నాయో నిజానికి పెద్ద రహస్యమేమీ కాదు. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరం వెంట వస్తాయి. ఎక్కువ భాగం ఒడిశాలో రుషికుల్య, గహిర్మాత వైపు పోతాయి. కొన్ని మన ఇసుకలోనే జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. తాబేలుకు చేపలా మొప్పలు లేవు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోటు సముద్రం అడుగున ఈడ్చుకుపోయే ట్రాలు వలలో పడి గింజుకుంటే గంట కూడా నిలవదు. ట్రాలర్ వలను లాగేది ఒక్కోసారి రెండు మూడు గంటలు. వల పైకెత్తేసరికి ఊపిరాడక చచ్చి ఉంటుంది, లేదా కొనఊపిరితో ఉంటుంది. బోటు నడిపే సరంగు దాన్ని నీళ్ళలోకి నెట్టేస్తాడు. నాలుగు రోజులకు అలలు దాన్ని మా బీచ్‌కు తెచ్చి పడేస్తాయి.

మరి దీనికి చట్టం లేదా అంటే, కావలసినంత ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. ఈ తాబేలు అందులో మొదటి షెడ్యూల్లో, అంటే పులితో సమానంగా ఉంది. 1994 నాటి మన రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు తెప్పలకీ నావలకీ వదిలి మరబోట్లు బయటే వేటాడాలి. రొయ్యల ట్రాలర్లు వలలో తాబేలు బయటపడే పరికరం పెట్టుకోవాలన్న నిబంధనా ఉంది. దాన్ని టెడ్ అంటారు. వల గొంతులో ఇనుప ఊచల చట్రం, ఊచకీ ఊచకీ నాలుగంగుళాల సందు. రొయ్య ఆ సందులోంచి వెనక్కి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న మూతలోంచి బయటికి పోతుంది. ఇంతకన్నా బ్రహ్మవిద్యేం లేదు. హార్బరులో నాకు తెలిసిన బోట్లలో దాన్ని కట్టుకుని వెళ్ళేదాన్ని నేనింతవరకూ చూడలేదు.

ఇంకో విచిత్రం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపల సంతానం కోసం పెట్టిన నిషేధం అది, మంచిదే. కానీ అప్పటికి మన దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. అవి చచ్చే నెలల్లో వేట జోరు, అవి వెళ్ళిపోయాక సెలవు. పక్కనే ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తారు. మనకు అంత కఠినం అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను, ఇక్కడ అక్కడిలా లక్షల్లో రావు. కానీ మన తీరం మీదుగా వెళ్ళకుండా అక్కడికి చేరేదెలా?

"తాబేళ్ళ కోసం ఇంత గోల ఏమిటి, మనుషుల సంగతి చూడండి" అని మా పేటలోనే అనేవాళ్ళున్నారు. అందుకే మనుషుల సంగతే చెబుతున్నాను.

1. చిన్న పడవల వాళ్ళ బువ్వ. తాబేలును చంపే ట్రాలు వలే, 8 కిలోమీటర్ల గీత దాటి లోపలికొచ్చినప్పుడు, మా పేట నావల వలల మీదుగా పోతుంది. రాత్రంతా వేసి ఉంచిన వల పొద్దున్న చూస్తే చింపిరి గుడ్డలా తేలుతుంది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు గుంపులుగా తిరిగేది ఒడ్డు దగ్గరే. అక్కడ అడుగు గీరేస్తే వాటి పిల్లలు కూడా వలలో చిక్కి, మనిషి తినడానికి పనికిరాక, కోళ్ళ మేతకీ చేపల మేతకీ పోతాయి. గీత ఎక్కడుందో ఎవరూ గట్టిగా చెప్పకపోతే తగాదా మా వాళ్ళ మధ్యే వస్తుంది. 2022 జనవరిలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల గొడవలో పడవలు తగలబడి, 144 సెక్షన్ పెట్టేదాకా వెళ్ళింది. కొట్టుకున్న రెండు వైపులా నాకు చుట్టాలే. ఆ పెళ్ళికీ ఈ పెళ్ళికీ ఇప్పటికీ పిలుపుల్లేవు.

2. రొయ్య ధర. వలలో తాబేళ్ళు చావకుండా చూడడం లేదన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఈ ఆంక్ష లేదు, అందుకే భీమవరం వైపు దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. దెబ్బ తగిలింది హార్బరులో సముద్రపు రొయ్య దించే బోట్లకి. ఆ పెద్ద కొనుగోలుదారు పోటీలో లేకపోతే పాటలో ధర ఎలా పలుకుతుందో వ్యాపారం తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒక్క ఇనుప చట్రం పెట్టుకోనందుకు ఏళ్ళ తరబడి కడుతున్న జరిమానా ఇది.

3. చేపలమ్ముకునే ఆడవాళ్ళు. మా వదిన అరవై దాటాక కూడా గంపెత్తుకుని పెదవాల్తేరు వీధుల్లో తిరుగుతుంది. ఒకరోజు ఒడ్డున అలివి వల లాగుతుంటే నేనూ వెళ్ళి చూశాను. వల సంచిలో సగం పాల ప్యాకెట్లు, నూనె కవర్లు, పిల్లల డైపర్లు, పూజ పూలు కట్టిన క్యారీబ్యాగులు. వాటి మధ్య వేళ్ళు పెట్టి నాలుగు గుప్పెళ్ళ నెత్తళ్ళు ఏరింది. "సేపల్ని ఏరతన్నానో, సెత్త ఏరతన్నానో తెల్డం లేదు" అంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను దేశమంతా 2022 జూలై 1 నుంచి నిషేధించారు కదా. తాబేలు జెల్లీ ఫిష్‌ను తింటుంది. నీళ్ళలో తేలే పల్చటి కవర్ దానికి జెల్లీ ఫిష్‌లాగే కనబడుతుంది. వదిన గంపలోకీ తాబేలు కడుపులోకీ వెళ్ళేది ఒకే కవరు.

4. మురుగు. లాసన్స్ బే దగ్గర గెడ్డ (వాగు) నీళ్ళు సముద్రంలో కలిసే చోట నిలబడి చూస్తే, నల్లటి నీరు ఒక చారలా నీలి నీళ్ళలోకి పోవడం కనబడుతుంది. వానొస్తే ఆ చార ఒక దుప్పటి అవుతుంది. సాయంత్రం అదే నీళ్ళలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు స్నానాలు చేస్తారు. నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పే బోర్డు అక్కడ ఒక్కటీ లేదు. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు జెండా. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ గుర్తింపు తాత్కాలికంగా తీసేస్తే ఊరంతా గగ్గోలు. ఆగమేఘాల మీద శుభ్రం చేయించి మళ్ళీ జెండా తెచ్చుకున్నాం. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యగలం అన్నమాట. గుడ్డ జెండా దిగితే పరుగెత్తిన వ్యవస్థ, తల్లి తాబేలు చస్తే గొయ్యి తవ్వి ఊరుకుంది.

5. దీపాలు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. గుడ్లలోంచి పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. రాత్రిపూట బయటికొచ్చిన పిల్ల ఎటు వెలుగుంటే అటు పాకుతుంది. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు బీచ్ రోడ్డు లైట్లూ, హోటళ్ళ ఫోకస్ లైట్లూ ఉన్నాయి. రోడ్డెక్కి టైరు కింద పడ్డ పిల్లను చూశాను. అరచేతిలో సగం కూడా లేదు.

అటవీశాఖ వాళ్ళు ఏటా గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. రాత్రంతా ఇసుకలో తిరిగే ఆ కాపలా కుర్రాళ్ళకు దండం పెడతాను, ఎగతాళిగా కాదు. వదిలిన రోజు ఫొటోలు పేపర్లో వస్తాయి, వదిలిన పిల్లల సంఖ్య కూడా వస్తుంది. కానీ ఆ పిల్లల్లో వెయ్యికి ఒకటి మాత్రమే పెద్దదవుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు. పెద్దదవడానికి పది పదిహేనేళ్ళు. అంటే నేను చూసిన ఆ తల్లి వెనక వెయ్యి పిల్లల చావు ఉంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే మనం డిపాజిట్లు మాత్రమే రాసుకుంటున్నాం. విత్‌డ్రాయల్స్‌కి రిజిస్టరే లేదు. అలాంటి ఖాతా నా కౌంటర్‌కి వచ్చి ఉంటే నా ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడేది.

నా డైరీలో ఎన్ని ఉన్నాయని అడుగుతారేమో. ఆ అంకె ఇక్కడ వేయడం లేదు. ఒక ముసలాడు నడక మధ్యలో రాసుకున్నది ఊరి లెక్క కాదు. ఊరి లెక్క మీరు రాయాలి.

బోటు యజమానులకూ సరంగులకూ ఒక మాట. తప్పంతా మీదని నేను అనడం లేదు. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో పదుల బోట్లు కాలిపోయినప్పుడు మీతో పాటు నేనూ జెట్టీ మీద నిలబడ్డాను. డీజిల్ ఖర్చూ, కలాసీల (బోటు పనివాళ్ళ) అడ్వాన్సులూ, వడ్డీలూ నాకు తెలుసు, ఆ అప్పుల్లో కొన్ని నా కౌంటర్ మీదుగానే వెళ్ళాయి. మా మేనల్లుడు సోనా బోటు అనే పెద్ద ట్రాలర్ మీద సరంగు. తాబేలు సంగతెత్తితే వాడన్నది ఇది: "మావా, బతికున్న తాబేలుని వదలాలంటే వల కొయ్యాల. కోసిన వల నువ్వు కొంటావా ఏటి? ఒడ్డుకు సెప్తే నా మీదే కేసంటారు." వాడి మాటలో న్యాయం ఉంది. మొదటి షెడ్యూల్ జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలని వాడికి ఎవరో చెప్పారు. వదిలితే ఏమొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మహారాష్ట్రలో 2018 చివరి నుంచి, ఇలాంటి జీవాల్ని వదలడానికి వల కోసుకున్న మత్స్యకారులకు 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తున్నారు. కోసిన వల ఫొటో, జీవాన్ని వదిలిన ఫొటో పంపితే చాలు. మన దగ్గర మనసు లేదనీ చెప్పలేం. 2021 డిసెంబరులో తంతడి తీరానికి కొట్టుకొచ్చిన తిమింగల సొరను అధికారులూ మత్స్యకారులూ కలిసి మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపించారు. అంత పెద్ద ప్రాణాన్ని పంపించిన చేతులకు తాబేలు బరువు కాదు.

ఇక అడగాల్సినవి అడుగుతాను. జనవరి రాకముందే జరగాల్సినవి ఇవి.

1. చావుల రిజిస్టరు. భీమిలి నుంచి అప్పికొండ దాకా చచ్చి కొట్టుకొచ్చే ప్రతి తాబేలుకూ, డాల్ఫిన్‌కూ తేదీ, చోటు, ఫొటో, ఆడా మగా, ఒంటి మీద వల గాటు ఉందా లేదా రాయాలి. వీలైనవాటికి పశువైద్యుడితో పోస్ట్‌మార్టం చేయించాలి. పూడ్చడం ఆ తర్వాతే. ప్రతి సోమవారం ఆ అంకె అందరికీ కనబడేలా పెట్టాలి. దీనికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, ఈ మూడింటికీ మన ఊళ్ళో కేంద్రాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల మీద చదివే పిల్లలున్నారు. సముద్రం గురించి ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న ఊళ్ళో చచ్చిన తాబేలును లెక్కపెట్టే మనిషి దొరకడా?

2. ఒక్క అధికారి. నీళ్ళదీ ఇసుకదీ కలిపి ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. ఏ ఆఫీసు మనిషైనా సరే. ఆ నంబరు హార్బరు గేటు మీద, ప్రతి జాలరి పల్లెలో గుడి గోడ మీద పెద్దక్షరాలతో ఉండాలి.

3. టెడ్ ఉచితంగా ఇవ్వండి, బిగించడం నేర్పండి, ఆ తర్వాతే తనిఖీ చేయండి. ముందు జరిమానా వేస్తే చట్రం బోటు మూలన తుప్పు పడుతుంది. చేప పోతుందన్న భయం సరంగులకు ఉంది కాబట్టి, నాలుగు బోట్లలో కట్టి, అదే రోజు కట్టని బోట్లతో పోల్చి, పట్టిన సరుకు తూకం హార్బరులో అందరి ముందూ వేయండి. మా వాళ్ళు కాగితం కన్నా కాటాను నమ్ముతారు.

4. కోసిన వలకు పరిహారం, మహారాష్ట్ర పద్ధతిలో. వేట నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచిన ప్రభుత్వానికి ఇది భారం కాదు. తాబేలును వదిలి కబురు చెప్పినవాడి మీద కేసు ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి.

5. 8 కిలోమీటర్ల గీతను జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట కూడా కాపలా కాయాలి. పెద్ద బోటుకూ చిన్న బోటుకూ ఒకటే న్యాయం. పార్టీ వాళ్ళ బోటా, ఎవరి బావమరిది బోటా అని చూడొద్దు. మా బావమరిది బోటు ఉన్నా సరే.

6. పాడైన వలల్ని కిలోకింత అని హార్బరులోనే కొనండి. నీళ్ళలో వదిలేసిన నైలాన్ వల ఏళ్ళ తరబడి ఎవరూ లాగకుండానే చేపల్నీ తాబేళ్ళనీ పడుతూనే ఉంటుంది.

7. గుడ్లు పెట్టే నెలల్లో సాగర్ నగర్ నుంచి భీమిలి దాకా ఇసుక వైపు తిరిగిన లైట్లు రాత్రి పది తర్వాత ఆపాలి, లేదా నేల వైపు వంచాలి. సముద్రంలో కలిసే గెడ్డల దగ్గర నీటి పరీక్ష ఫలితం ప్రతినెలా అక్కడే బోర్డు మీద రాయాలి. ఇక్కడ స్నానం చేయవచ్చా, కూడదా అన్న ఒక్క ముక్క, తెలుగులో.

మురుగు శుద్ధికి కోట్లు కావాలని, టైము పడుతుందని తెలుసు. అందుకే దాన్ని జనవరిలోగా అడగలేదు. పైన రాసినవాటిలో రిజిస్టరుకు కావలసింది ఒక పుస్తకం, ఒక పెన్ను.

డిసెంబరు మొదటి సోమవారం మళ్ళీ అదే క్యూలో నిలబడతాను. ఈసారి ఒక్కణ్ణే రాను. మా వదిన వస్తానంది. మేనల్లుడు వేటకెళ్ళకపోతే వాడూ వస్తాడు. నా డైరీ కూడా తెస్తాను. మీ రిజిస్టరు మొదలైన రోజు దాన్ని మీకే ఇచ్చేస్తాను, అప్పటిదాకా రాస్తూనే ఉంటాను. దయచేసి ఈసారి జవాబులో "పూడ్చివేయడమైనది" అని మాత్రం రాయకండి.

ఇట్లు,
పెద్ద జాలరిపేట వాసి,
రిటైర్డు బ్యాంకు క్యాషియర్,
విశాఖపట్నం